దేవుణ్ణే లెక్క అడిగే మతం

దేవత మరీ మిడిసిపడితే, ఏ చెట్టు కొయ్యతో తనని చెక్కారో ఆ చెట్టును తీసుకెళ్లి చూపిస్తారు. ఇది ఇగ్బోల సామెత. పుట్టించింది నాస్తికులనుకునేరు, ఆ దేవతకే కోడిని కోసి మొక్కే మనుషులు.

ఆగ్నేయ నైజీరియాలోని అనంబ్ర, ఎనుగు, ఇమో, అబియా, ఎబొన్యి రాష్ట్రాలు ఇగ్బోల గడ్డ. ఇవాళ వాళ్లలో అత్యధికులు క్రైస్తవులే. తాతల నాటి మతాన్ని 'ఓడినాని' అంటారు, నేలలో ఉన్నది అని అర్థం. ఆఫ్రికా సంప్రదాయ మతం అనగానే మన పత్రికల్లో 'చేతబడి', 'క్షుద్రపూజ' అనే రెండు మాటలు రెడీగా ఉంటాయి. ఆ మాటకొస్తే నైజీరియాలోనూ పరిస్థితి పెద్దగా మెరుగ్గా లేదు. 2025 మొదట్లో అనంబ్ర ప్రభుత్వం కొత్త భద్రతా చట్టం తెచ్చి, 'ఓకే ఇటే' అనే కుండ పూజతో రాత్రికి రాత్రి కోటీశ్వరుల్ని చేస్తామని చెప్పుకునే కొందరు నాటువైద్యులను అరెస్టు చేసింది. 1992లో వీడియో క్యాసెట్ల మీద విడుదలై నైజీరియా సినిమా పరిశ్రమకు ఊపు తెచ్చిన ఇగ్బో చిత్రం కథ కూడా డబ్బు కోసం భార్యను బలిచ్చిన మనిషిదే. ముప్ఫై ఏళ్లుగా ఇవే బొమ్మలు చూస్తుంటే ఆ మతమంటే ఇంతే అనిపించడంలో వింత లేదు. కానీ ఆ కొయ్య సామెతను పక్కనపెడితే ఆ మతం అర్థం కాదని నా అభిప్రాయం.

ముందు కోలా గింజ దగ్గర మొదలుపెడదాం. ఇగ్బో ఇంటికి అతిథి వస్తే మర్యాద దానితోనే. వాళ్లు 'ఓజి' అంటారు. ఇంటాయన పళ్లెంలో పెట్టి అందిస్తే వెంటనే ఎవరూ తీసుకోరు. బంధుత్వాలు, పెద్దరికాల వరసలో పళ్లెం చేతులు మారి, అందరి కళ్లా పడి, తిరిగి తిరిగి ఇంటాయన దగ్గరికే వస్తుంది. రాజుగారి కోలా రాజుగారి చేతిలోనే ఉంటుందని ఒక మాట అంటారు. అప్పుడు అక్కడున్న పెద్దాయన గింజను చేతిలోకి తీసుకుని ప్రార్థన చేస్తాడు. అది ఇగ్బోలోనే సాగాలి, కోలాకి ఇంగ్లీషు రాదు మరి! "గద్దా వాలాలి, గరుడపక్షీ వాలాలి. ఒకటి రెండోదాన్ని వాలొద్దంటే దాని రెక్క విరగాలి" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు మనం తథాస్తు అన్నట్టు "ఇసే" అంటారు.

తర్వాత గింజను విప్పి బద్దలు లెక్కపెడతారు. నాలుగుంటే శుభం. ఎందుకంటే ఇగ్బోల వారానికి నాలుగే రోజులు: ఎకె, ఓరియె, ఆఫో, న్క్వో. నాలుగూ సంత రోజులే. రెండు బద్దలుగా మాత్రమే విడిపోయే 'గ్వొరో' రకం కోలా బజార్లో ఎంత దొరికినా ఈ పనికి చెల్లదు. ఒక చిన్న తుంపు నేలమీద వేస్తారు, అది పితరుల వాటా. మిగిలింది అందరూ నములుతారు. ఆదివారం సూటు వేసుకుని చర్చికి వెళ్లే ఓకాఫోర్ ఇంటిపేరులో ఆఫో సంత, ఓకోంక్వో ఇంటిపేరులో న్క్వో సంత ఇంకా పదిలంగా ఉన్నాయి. ఆయా సంత రోజున పుట్టిన మగపిల్లవాడని ఆ పేర్లకు అర్థం. ఇక్కడ ఒక పుల్లవిరుపు మాట కూడా చెప్పాలి: సంప్రదాయం ప్రకారం ఆడవాళ్లు కోలా విరవకూడదు. ఆ ఇంట్లో ఎంత చదువుకున్న, ఎంత సంపాదించే ఆడమనిషి ఉన్నా సరే, గింజ విరవడానికి మగవాణ్ణే వెతుకుతారు.

ఇక దేవుళ్ల విషయం. అందరికీ పైన చుక్వు ఉంటాడు. 'చి', 'ఉక్వు' కలిస్తే చుక్వు, అంటే పెద్ద చి. ప్రతి మనిషికీ పుట్టుకతో ఒక సొంత 'చి' ఉంటుంది. దాన్ని తలరాత అందామా అంటే కుదరదు. మన బ్రహ్మరాతను బతిమాలినా బెదిరించినా మారదంటాం. ఇగ్బో మాత్రం "మనిషి ఔనంటే అతని చి కూడా ఔనంటుంది" అంటాడు. అంటే నీ వంతు నువ్వు గట్టిగా పట్టుబడితే నీ దేవుడు కూడా దిగిరావలసిందే. మరోపక్క, చిని మించి ఎవరూ ఎదగలేరన్న మాట కూడా వాళ్ల నోటే వినిపిస్తుంది. ఈ రెంటి మధ్య బేరమే ఇగ్బో జీవితం.

ఆ బేరం కంటికి కనబడేది 'ఇకెంగ'లో. తలమీద పొట్టేలు కొమ్ములు, కుడిచేతిలో కత్తి ఉన్న కొయ్యబొమ్మ అది. మనిషి పట్టుదలకి, పనితనానికి, కుడిచేతి బలానికి గుర్తు. యజమాని దానికి కోలా పెడతాడు, కల్లు పోస్తాడు, కోడి రక్తం చిలకరిస్తాడు. పని జరగకపోతే? ఆ ఇకెంగను అవతల పారేసి కొత్తది చేయించుకుంటాడు. యజమాని పోతే కొన్ని ఊళ్లలో దాన్ని రెండుగా చీల్చేస్తారు. అతనితోపాటే దాని పనీ అయిపోయింది. కొయ్యలో శక్తి ఉందంటే, ఇచ్చిపుచ్చుకోవడం నడిచినంత కాలమే ఉంది.

అందరికంటే ఎక్కువగా భయపడేది మాత్రం నేలతల్లి 'ఆల'కి. ఉరుముల దేవుడు అమాడియోహ ఆకాశం నుంచి కొడితే దెబ్బ తగిలేది ఒక్కడికే. ఆల కోపం ఊరంతటికీ తగులుతుంది. సొంత మనిషిని చంపడం, ఉరేసుకోవడం లాంటివి నేలకు చేసిన మైల, 'న్సో ఆల'. ఆత్మహత్య చేసుకున్నవాణ్ణి పాతిపెట్టడానికి నేల ఒప్పుకోదు, చెడ్డ అడవిలో పడేయాల్సిందే. ఇదెమిలి ప్రాంతంలో కొండచిలువ ఇదెమిలి అనే నీటి దేవత మనిషి. పొరపాటున ఎవరైనా చంపితే మనిషికి చేసినట్టే దానికి అంత్యక్రియలు చేస్తారు. కవల పిల్లల పుట్టుక కూడా ఒకప్పుడు మైల కిందే లెక్క. పసిగుడ్లను అడవిలో వదిలేసేవారు. అది ఆగడంలో మిషనరీల పాత్ర ఉంది. ఆ ఘనత వాళ్లకి ఇవ్వకుండా పాత మతాన్ని పొగిడేవాళ్లంటే నాకు చిరాకు.

ఇలాంటి మైల కడగడానికి ఊరూరా తిరిగినవాళ్లు న్రి అనే పాత ఇగ్బో రాజ్యపు పూజారులు. న్రి రాజుకి కత్తి పట్టిన సైన్యం లేదు. ఆయన మనుషులు వచ్చి మైల తీస్తే, దానికి బదులుగా ఆ ఊరు ఆయన మాట వినేది. ఆ సంప్రదాయం ఎంత పాతదో చెప్పే ఆధారం అనుకోకుండా దొరికింది. 1938లో ఇగ్బో-ఉక్వులో ఒకాయన తన పెరట్లో నీటి తొట్టి కోసం గొయ్యి తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి. 1959లో పురావస్తు శాస్త్రవేత్త థర్స్టన్ షా తవ్వకాలు మొదలుపెట్టాడు. అవి 9వ శతాబ్దం నాటివని తేలింది. వాటిని న్రి సంప్రదాయంతో ముడిపెట్టే పండితులు చాలామంది. 1911లో బ్రిటిష్‌వాళ్లు న్రి రాజు మెడలు వంచి ఆ అధికారాన్ని వదులుకునేలా చేశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనకో సామెత. అరోచుక్వులోని ఇబిని ఉక్పాబి కథ అంతకన్నా ఘోరం, అక్కడ పూజారులు మనుషుల్నే అమ్ముకున్నారు. అది తీర్పులు చెప్పే దేవస్థానం. ఎక్కడెక్కడి తగాదాలూ అక్కడికే వెళ్లేవి. తప్పు తేలినవాడు లోయలోకి వెళ్లి మళ్లీ కనపడేవాడు కాదు. దేవుడు తినేశాడని బంధువులు ఏడ్చుకుంటూ ఇంటికెళ్తే, ఆ మనిషి వెనకదారిన బానిసల వ్యాపారుల చేతికి చేరేవాడు. 1901 నవంబరులో బ్రిటిష్ సైన్యం అరోల మీద, అంటే అరోచుక్వు వాళ్ల మీద, దండెత్తింది, ఆ గుడిని ధ్వంసం చేసింది. బానిసత్వం అంతం చేయడానికే అని వాళ్లు చెప్పుకున్నారు. లోపలి ప్రాంతాల వ్యాపారానికి అరోలే అడ్డుగోడ అన్న సంగతి మాత్రం గట్టిగా చెప్పుకోలేదు.

ఓడినానికి ఇంతకన్నా లోతైన దెబ్బ మాటల్లో తగిలింది. 1857లో ఒనిచాలో అడుగుపెట్టిన ఆంగ్లికన్ మిషన్, 1885లో వచ్చిన క్యాథలిక్ ఫాదర్లు దేవుడికి ఇగ్బోలో పేరు కావాలంటే చుక్వునే తీసుకున్నారు. సైతానుకీ ఒక పేరు కావాలి కదా! మాయలమారి, యుద్ధానికి తోడొచ్చే దేవత ఎక్వెన్సు దొరికాడు. ఒకప్పుడు పండగ చేయించుకున్న దేవుడు అలా బైబిలు పేజీల్లో సైతాను అయి కూర్చున్నాడు.

ఇప్పుడు కొత్త తరం కుర్రాళ్లు యూట్యూబ్‌లో పాత మతం గొప్పతనం చెబుతున్నారు. మంచిదే. కానీ ఆ వీడియోలు చూసేటప్పుడు నేను ఎదురుచూసే మాట ఒకటి ఉంటుంది: 'ఓసు'. దేవతకి అంకితమైన మనిషి ఓసు. అతని పిల్లలూ, వాళ్ల పిల్లలూ ఓసులే. వాళ్లతో పెళ్లి సంబంధం కలుపుకోరు. 1956లో నైజీరియా తూర్పు ప్రాంత శాసనసభ దీన్ని చట్టంతో రద్దు చేసింది. అయినా చర్చిలో పక్కపక్కన కూర్చునే కుటుంబాలే పెళ్లి మాట వచ్చేసరికి తాతల వంశం ఆరా తీస్తాయి. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నవాళ్లే అయినా సంబంధం అక్కడే ఆగిపోతుంది. దేవత పేరు చెప్పి మనిషిని వెలివేయడం ఏమిటో జోగినుల ఊళ్లు తెలిసిన తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మన చట్టం 1988లో వచ్చింది, ఊళ్లు మాత్రం చాలా కాలం దాన్ని విననట్టే ఉన్నాయి.

ఓసు విషయంలో చట్టం చేయలేని పనిని మతం తన పద్ధతిలో మొదలుపెట్టింది. 2018 డిసెంబరు చివర్లో ఇగ్బో పెద్దలు న్రిలో చేరి, పితరులనూ నేలతల్లినీ పిలిచి, క్రతువు చేసి, ఓసు కట్టుబాటు ఇకపై లేదని ప్రకటించారు. దేవత పేరుతో వేసిన ముడిని విప్పాలన్నా దేవతతోనే మాట్లాడాలి. కొయ్య చూపించడమంటే ఇదే. దాంతో పెళ్లి సంబంధాలు మారిపోయాయని ఎవరైనా అంటే నేను నమ్మను. కాని దారి మాత్రం అదే.

కొయ్యలో శక్తి ఇచ్చిపుచ్చుకోవడం నడిచినంత కాలమేనన్న సంగతి దేవతల బొమ్మలు కొనే పెద్దమనుషులకు పట్టదు. ఇగ్బోల గడ్డ నైజీరియా నుంచి విడిపోతానన్నందుకు 1967 నుంచి 1970 దాకా సాగిన బయాఫ్రా యుద్ధంలో జనం ఆకలితో చచ్చిపోతుంటే ఇగ్బో గుళ్లలోని దేవతా విగ్రహాలు సరిహద్దులు దాటిపోయాయి. వాటిలోవేనని ఇగ్బో చరిత్రకారులు అభ్యంతరం చెప్పిన రెండు విగ్రహాలను 2020 జూన్‌లో ప్యారిస్‌లో క్రిస్టీస్ సంస్థ వేలం వేసింది. రెండూ కలిపి 2,12,500 యూరోలు పలికాయి. అమ్మకం చట్టబద్ధమేనని సంస్థ వాదించింది.

ఓవెరి ప్రాంతంలో ఆల కోసం 'మ్బారి' ఇళ్లు కట్టేవారు. ఊరికి పెద్ద కష్టం వస్తే దేవత అడిగిందని కట్టడం మొదలుపెడతారు. ఎంపికైన ఆడా మగా కంచె చాటున నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఉండి, పుట్టమట్టిని ముద్దచేసి పదుల కొద్దీ బొమ్మలు మలుస్తారు. నడుమ ఆల కూర్చుని ఉంటుంది, చుట్టూ జంతువులు, వేటగాళ్లు, బిడ్డను కంటున్న తల్లి, టోపీ పెట్టుకున్న తెల్లదొర. పని అయ్యాక కంచె తీసేస్తారు. ఊరంతా వచ్చి చూసి, తిని, ఆడి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎవరూ దానికి మరమ్మతు చెయ్యరు. మొదటి వానకు రంగు కరుగుతుంది, రెండో వానకు దొర టోపీ జారుతుంది, ఆ పైన పిచ్చిమొక్కలు మొలుస్తాయి. మళ్లీ దేవత అడిగినప్పుడు మళ్లీ కొత్త మట్టి తొక్కుతారు.