రంగం వెళ్ళినవాళ్ళ ఊరు: యాంగోన్‌ని ఎటువైపు నుంచి చూడాలి?

బర్మాలోని, అంటే ఇప్పటి మయన్మార్‌లోని, యాంగోన్‌కి పాత పేరు రంగూన్. మా ఇంట్లో ఎవరూ రంగూన్ అనేవారు కాదు, రంగం అనేవారు. "రంగం వెళ్ళాడు", "రంగం డబ్బుతో కొన్న పొలం", "రంగం పెట్టె"... ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళని కదిపితే ఈ మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి. మా మామ్మ బియ్యం పోసుకునే ఇనుప పెట్టె అలాంటిదే. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయింది కానీ గొళ్ళెం మాత్రం ఈనాటికీ గట్టిగా పడుతుంది. దాన్ని తెచ్చినాయన మా ముత్తాత. రంగం రేవులో బస్తాలు మోశాడని తప్ప ఆయన గురించి మాకు ఇంకో ముక్క తెలీదు. 2019 జనవరిలో నేను యాంగోన్ వెళ్ళడానికి కారణం ఆ పెట్టే.

మొదటి రోజు అందరూ చూసేవే చూశాను. ష్వేడగాన్ పగోడా గురించి ఎంత చెప్పినా తక్కువే. గుట్ట మీద దాదాపు 99 మీటర్ల ఎత్తున బంగారు రేకుల స్తూపం. చెప్పులు కింద వదిలేసి, కప్పు వేసిన మెట్ల దారిలో పైకి వెళ్ళాలి. చుట్టూ వారానికో మందిరం ఉంటుంది. పుట్టిన వారం దగ్గర నిలబడి బుద్ధ విగ్రహం మీద నీళ్ళు పోస్తారు. వారాలు ఏడైనా మందిరాలు ఎనిమిది, ఎందుకంటే బుధవారాన్ని రెండు చేశారు. ఉదయం దంతాల ఏనుగుది, మధ్యాహ్నం నుంచి దంతాల్లేని ఏనుగుది. ఆ రెండో సగానికి అధిపతి రాహువు. రాహుకాలం చూడనిదే గడప దాటని ఇంట్లో పుట్టినవాణ్ణి, అక్కడ కాసేపు అలాగే నిలబడిపోయాను. నాది బుధవారమే, పొద్దున్నో సాయంత్రమో మాత్రం అమ్మకి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది.

రెండో రోజు పాత ఊళ్ళో నడక. నాకు నచ్చనిదీ, ఈ వ్యాసం రాయించిందీ ఆ నడకే.

1852లో ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌ని పట్టుకున్నాక సూలే పగోడాని మధ్యలో పెట్టి, నది వెంట గళ్ళు గీసినట్టు కొత్త వీధులు వేశారు. ఆ గళ్ళు ఈనాటికీ చెక్కుచెదరలేదు. మహాబందూల పార్కులో నిలబడి చుట్టూ తిరిగి చూస్తే ఎర్ర ఇటుకల హైకోర్టు, దాని గడియారం గోపురం, బర్మా పద్ధతి శిఖరాలు పెట్టుకున్న సిటీ హాలు ఒక్క చోటినుంచే కనిపిస్తాయి. కాస్త అవతల సెక్రటేరియట్. 1947 జులై 19న బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్‌నీ ఆయన సహచరుల్నీ కాల్చి చంపింది అందులోనే. 2005లో సైనిక ప్రభుత్వం రాజధానిని నేపిడాకి తరలించాక ఇలాంటి సర్కారీ కట్టడాలెన్నో ఖాళీ అయ్యాయి. గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. వాటిని కూలగొట్టకుండా కాపాడాలని 2012లో యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు మొదలైంది. ముఖ్యమైన భవనాలకి నీలం రంగు పలకలు పెట్టింది. మంచి పని, అందులో అనుమానం లేదు.

కానీ నేను ఆగి చదివిన పలకల మీద కంపెనీల పేర్లున్నాయి, బ్యాంకుల పేర్లున్నాయి, ఎప్పుడు కట్టారో ఉంది. మా గైడు కూడా అదే వరసలో చెప్పుకుంటూ పోయాడు: ఇది ఫలానా దొర కట్టించింది, ఈ స్ట్రాండ్ హోటల్ 1901లో తెరిచారు. నన్ను భారతీయుడిగా గుర్తించి ప్రత్యేకంగా తీసుకెళ్ళింది ఒక్క చోటికే, బహదూర్ షా జఫర్ సమాధికి. చివరి మొగలు పాదుషా 1862లో ఇక్కడే పోయాడు. గుర్తు తెలియకుండా పూడ్చేసిన ఆయన గోరీ 1991లో కాలవ తవ్వుతుంటే బయటపడింది. రాజుకి నూట ముప్పై ఏళ్ళకైనా చోటు దొరికింది. బస్తా మోసినవాడికి ఈ ఊళ్ళో ఏ గుర్తూ నాకు కనిపించలేదు.

అసలు ఈ ఊరు ఎవరిది? 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. బర్మావాళ్ళు మూడో వంతు కూడా లేరు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి పాస్‌పోర్టు ఊసే లేదు. ఓడ టిక్కెట్టుంటే చాలు. విశాఖ, కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఎక్కినవాళ్ళు రంగంలో దిగేవారు. ఆ టిక్కెట్టు డబ్బులు కూలీల్ని పోగుచేసే మేస్త్రీ పెట్టేవాడు, ఆ అప్పు తీరేదాకా మనిషి మేస్త్రీ చేతిలోనే. చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేశారు, గుజరాతీలు దుకాణాలు పెట్టారు. ఓడల్లోకి బస్తాలు ఎక్కించడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం ఎక్కువగా మనవాళ్ళ వంతు. ఆనాటి రికార్డుల్లో తెలుగు కూలీ పేరు 'కొరింగీ'. కాకినాడ దగ్గరి మన కోరంగి రేవు పేరే అది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బియ్యం ఎగుమతిలో ప్రపంచంలోనే మొదటి స్థానం బర్మాది. ఆ బియ్యం ఓడల్లోకి చేరింది ఈ కొరింగీల భుజాల మీద. స్ట్రాండ్ రోడ్డు భవనాలకి పెట్టుబడి ఎవరిదో పలక చెబుతుంది. ఆ పెట్టుబడి లాభమైంది ఎవరి చెమటతోనో కూడా చెప్పాలి కదా.

1930 మే నెలలో ఈ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని దించాయి. రాజీ కుదిరి పాతవాళ్ళు తిరిగొచ్చిన రోజు, మే 26న, పని దొరకని బర్మా కూలీలకీ వీళ్ళకీ రేవులో గొడవ మొదలై ఊరంతా పాకింది. అధికార లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు వందకి పైన. ఎక్కువమంది తెలుగువాళ్ళు. దీన్ని రెండు జాతుల కొట్లాటగా చెప్పేసి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ఆకలితో ఉన్న ఇద్దరిని ఒకే పని ముందు నిలబెట్టి తక్కువ కూలికి దొరికినవాణ్ణి తీసుకున్నవాళ్ళకి ఆ నెత్తురులో వాటా లేదా? బర్మావాడి కోపంలోనూ న్యాయం ఉంది. తన ఊళ్ళో తనకే పని లేదు మరి.

తర్వాత 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియా దారి పట్టారు. వేలమంది దారిలోనే పోయారు. 1960ల్లో నే విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు మిగిలినవాళ్ళూ కట్టుబట్టలతో ఓడలెక్కారు. మన పత్రికలు వాళ్ళని బర్మా కాందిశీకులు అన్నాయి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వచ్చిందే.

మూడో రోజు గైడుని వద్దనుకున్నాను. పన్సోడాన్ వీధి చివర జెట్టీలో, నది అవతలి ఒడ్డున ఉన్న డలా వెళ్ళే ఫెర్రీ ఎక్కాను. పక్క జెట్టీలో ఒక పడవకి సరుకు ఎక్కిస్తున్నారు. లుంగీ పైకి దోపుకున్న కుర్రాడు మెడ మీద బస్తాతో, పడవలోకి వేసిన చెక్క పలక ఎక్కాడు. మనిషి మధ్యకి వచ్చేసరికి పలక కిందికి వంగింది. పైకి లేచే ఊపుని అందుకుని కాలు ముందుకి వేశాడు. ఆ ఒక్క క్షణం ఆలస్యమైతే నీళ్ళలోనే. బస్తా దించి తిరిగొచ్చేటప్పుడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎన్నిసార్లు తిరిగాడో లెక్కపెడుతుండగానే మా ఫెర్రీ కదిలింది.

నది మధ్యకి వెళ్ళాక వెనక్కి తిరిగితే ఊరు వేరేలా కనిపించింది. ముందు జెట్టీలు, గోదాములు, వాటి వెనక దొరల భవనాలు, అన్నిటికీ పైన దూరంగా గుట్ట మీద బంగారు శిఖరం. ఓడ దిగబోతున్న మా ముత్తాతకి ఈ ఊరు కనిపించింది ఇటువైపు నుంచే. యాంగోన్ చూడ్డానికి ఒక్కపూటే ఉందని ఎవరైనా అడిగితే హెరిటేజ్ నడక మానేసి ఈ ఫెర్రీ ఎక్కమంటాను.

ఇప్పుడైతే ఎవరినీ వెళ్ళమని చెప్పలేను. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్నాక ఆ దేశం అంతర్యుద్ధంలో ఉంది. థాయ్ సరిహద్దులో సైబర్ మోసాల ముఠాల చేతుల్లో చిక్కిన మన పిల్లల వార్తలు చూస్తూనే ఉన్నాం. మంచి ఉద్యోగమని ఏజెంటు చెబితే వెళ్ళారు వాళ్ళు. టిక్కెట్టు పెట్టిన మేస్త్రీకీ ఆ ఏజెంటుకీ తేడా నాకు పెద్దగా కనిపించడం లేదు.

యాంగోన్ తలుపులు తెరుచుకునేదాకా ఇక్కడ చేయాల్సిన పని చాలా ఉంది. 1964లో పదేళ్ళ వయసులో ఓడెక్కిన పిల్లలు ఇప్పుడు డెబ్బై దాటారు. వాళ్ళకి వీధుల పాత పేర్లు తెలుసు. ఏ మిల్లులో ఎవరు పనిచేశారో తెలుసు. వాళ్ళ మాటలు రికార్డు చేయడానికి ఒక విశ్వవిద్యాలయ విభాగం, నలుగురు విద్యార్థులు చాలు. ఓడలు బయల్దేరిన విశాఖలోనే రంగం వలసకి ఒక గది కేటాయించాలి. టిక్కెట్లు, ఉత్తరాలు, ఫోటోలు ఇళ్ళల్లో అటకల మీద ఇంకా ఉన్నాయి. ఆ గది ఎప్పుడు తెరిచినా సరే, మా పెట్టె నేనిస్తాను.