కుళ్లును తినే పురుగుకు వైద్యంలో చోటు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, విలియం బేయర్ అనే సర్జన్ దగ్గరికి ఇద్దరు సైనికులను మోసుకొచ్చారు. తొడ ఎముకలు విరిగి, పొట్టకు గాయాలై ఏడు రోజులు యుద్ధభూమిలో పడి ఉన్నవాళ్లు. అయినా జ్వరం లేదు. బట్టలు తీస్తే గాయాల నిండా పురుగులు. కడిగి చూస్తే చీముకు బదులు ఎర్రగా, ఆరోగ్యంగా చిగురిస్తున్న కొత్త కండ!

ఆ దృశ్యాన్ని బేయర్ మరిచిపోలేదు. పదేళ్లు దాటాక, ఎముకకు చీము పట్టిన రోగులకు అలాంటి పురుగులతోనే, అంటే ఈగ లార్వాలతో చికిత్స చేశారు. కొందరికి ధనుర్వాతం సోకడంతో, లార్వాలను క్రిమిరహితం చేసి వాడే పద్ధతి తెచ్చారు. యాంటీబయాటిక్స్ వచ్చాక ఇదంతా మూలన పడింది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని వైద్య పరికరంగా అనుమతించింది.

యాంటీబయాటిక్స్ ఉండగా ఇదెందుకు? మందు రక్తంతో పాటే ప్రయాణిస్తుంది. చచ్చిన కండకు రక్తం అందదు, కాబట్టి మందూ అందదు. అక్కడే బ్యాక్టీరియా తిష్ఠ వేస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల లార్వాలను చదరపు సెంటీమీటరుకు అయిదు నుంచి పది చొప్పున పుండుపై వదిలి కట్టు కడతారు. అవి వదిలే ఎంజైములు కుళ్లిన కండను ద్రవంగా కరిగిస్తాయి, దాన్ని అవి పీల్చుకుంటాయి. రెండు మూడు రోజుల్లో దాదాపు సెంటీమీటరు పొడవు పెరుగుతాయి. అప్పుడు కట్టు విప్పి తీసేస్తారు. అవి గుడ్లు పెట్టవు. గుడ్లు పెట్టేది ఎదిగిన ఈగే.

బయటి ఈగలు పుండుపై వాలితే మాత్రం ఈ మేలు జరగదు. బతికున్న కండను తినే జాతులూ ఉన్నాయి. వైద్యంలో వాడేది ప్రయోగశాలలో పెంచిన లుసీలియా సెరికాటా అనే ఈగ జాతి లార్వాలను.

బ్రిటన్‌లో కాలి పుండ్లున్న 267 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. పుండును శుభ్రం చేయడానికి వాడే జెల్ కంటే లార్వాలు త్వరగా శుభ్రం చేశాయి. కానీ పుండు త్వరగా మానలేదు, నొప్పి ఎక్కువైంది. దీన్ని వైఫల్యం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. లార్వా పని శుభ్రం చేయడం. ఆ తర్వాత పుండు మానాలంటే రక్త ప్రసరణ మెరుగుపడాలి, మధుమేహం అదుపులో ఉండాలి.

అన్ని దారులూ మూసుకుపోయాక, కాలు తీసేయడమొక్కటే మిగిలాక ఈ లార్వాలను గుర్తు చేసుకుంటే ప్రయోజనం తక్కువ. కుళ్లు లోతుకు దిగకముందే, ఆపరేషన్ తట్టుకోలేని రోగికి ఇదొక మార్గమని వైద్యులు చెప్పాలి. నొప్పి ఉంటుందని దాచకుండా, దానికి మందు ముందే సిద్ధం చేయాలి. వద్దనే హక్కు రోగిది. అసహ్యపడతారేమోనని అడగకుండానే వదిలేసే హక్కు వైద్యులకు లేదు.