కంప్లైంట్ టికెట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కంప్లైంట్ టికెట్ గారికి నమస్కారములు చేసి వ్రాయునది.

మా ఇంటి నెట్ సరిగా రావడం లేదని నేనిచ్చిన ఫిర్యాదుకు పుట్టిన తమరు ఈ మధ్యాహ్నం పరిష్కారమైపోయారని మెసేజ్ వచ్చింది. చాలా సంతోషం. ఆ వేళకు నేను ఆఫీసుకు సెలవు పెట్టి, గేటు గొళ్లెం తీసి పెట్టి, బాత్రూంలో ఉండగా బెల్లు మోగితే వినపడదేమోనని స్నానం కూడా వాయిదా వేసుకుని వరండాలో కూర్చుని ఉన్నాను. పదికీ రెండింటికీ మధ్య టెక్నీషియన్ వస్తాడని చెప్పింది మీ వాళ్లే. పది దాటింది, పన్నెండు దాటింది. పక్కింటికి గ్యాస్ బండ వచ్చింది, ఎదురింటికి కొరియర్ వచ్చింది. మా ఇంటికి మాత్రం తమరి ఎస్సెమ్మెస్ వచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడినది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి."

యాప్ తెరిస్తే తమరి నంబరు పక్కన పచ్చటి టిక్కు. దాని కింద చిన్న అక్షరాల్లో "కస్టమర్ ఇంట్లో లేరు" అని ఉంది. సమస్య తీరిందా, నేను ఇంట్లో లేనా? రెండూ ఒకేసారి ఎలా కుదిరాయి స్వామీ? మనుషులు లేని ఇంటికి వచ్చి, ఎవరి కంటా పడకుండా నెట్ బాగు చేసి వెళ్లిన ఆ మహానుభావుడెవరో చెబితే వెళ్లి కాళ్లకు దండం పెట్టుకుంటాను. నెట్ కూడా బాగైతే ఇంకా బాగుండేది. అది మాత్రం పొద్దున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

తమరిని ఈ లోకంలోకి తేవడానికి నేను పడ్డ పాట్లు తమరికి తెలియవు. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో పలికారు, సరే, సర్దుకున్నాను. ముందుగా రూటర్ ఆఫ్ చేసి, రెండు నిమిషాలాగి ఆన్ చేయమన్నారు. మా ల్యాండ్‌లైన్ కూడా ఆ రూటర్ వెనకనుంచే వస్తుంది. ఆఫ్ చేయగానే కాల్ కట్. మళ్లీ మొదటినుంచి క్యూ, మళ్లీ ఆ సంగీతం, మళ్లీ కొత్త గొంతు, మళ్లీ "రూటర్ ఒకసారి ఆఫ్ చేసి చూశారా సర్?" ఆ గండం గడిచాక కంప్యూటర్ పాతదేమోనన్నారు, వైరస్ ఉందేమోనన్నారు, బ్రౌజర్‌లో కాష్ క్లియర్ చేయమన్నారు. మా వంటింట్లో మైక్రోవేవ్ ఉందా అని కూడా అడిగారు. ఉంది. అది వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను పాడు చేస్తుందన్న మాట నిజమే. కానీ నా కంప్యూటర్ వైఫై మీద లేదు మహాప్రభో, రూటర్‌కు నేరుగా తగిలించిన ల్యాన్ వైరు మీద ఉంది.

స్లో అనగానే మీ మీద పడేవాణ్ణి కాదు నేను. ఇంట్లో చూసుకోవాల్సినవన్నీ చూసుకున్నాకే ఫోన్ చేశాను. ల్యాన్ వైరులో నాలుగు జతల తీగలుంటాయి, వాటిలో ఒకటి తెగినా సెకనుకు 1000 మెగాబిట్ల గిగాబిట్ లింకు 100కు పడిపోవచ్చు, అందుకని వైరు మార్చాను. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒక ధర్మసత్రం ఉంది, ఆన్‌లో ఉంటే మనం దించుకున్న అప్‌డేట్లను మన నెట్‌తోనే పదిమందికీ పంచుతుంది, దాన్నీ మూసేశాను. టాస్క్ మేనేజర్‌లో చూస్తే నెట్ వాడుతున్న ప్రోగ్రామంటూ ఏదీ లేదు. రూటర్‌కు పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని ఓ చిన్న పలకరింపు పంపితే, ఒక్క మిల్లీసెకనులో జవాబు వస్తోంది. బయట గూగుల్ వాళ్ల సర్వరు 8.8.8.8కు కొడితే నాలుగింట ఒకటి గల్లంతు. అంటే నా బల్లనుంచి రూటర్ వరకు అంతా బాగానే ఉంది, పోతున్నదేదో రూటర్ దాటాకే పోతోంది.

ఎంత పోతోందో కూడా ఆ రూటరే చెబుతుంది. లోపలి పేజీలో ఆప్టికల్ పవర్ అని, ఫైబర్ వైరులో మా ఇంటికి చేరే వెలుగు ఎంతో డెసిబెల్స్ లెక్కన చెప్పే ఒక అంకె ఉంటుంది. బాగున్న రోజుల్లో అది మైనస్ 20 దగ్గర ఉండేది. ఇప్పుడు మైనస్ 28. చూడటానికి పెద్ద తేడాలా అనిపించదు గానీ, మూడేసి డెసిబెల్స్ తగ్గినప్పుడల్లా వెలుగు సగమైపోతుంది. ఆ లెక్కన మా ఇంటికి రావాల్సిన వెలుగులో ఇప్పుడు వస్తున్నది సుమారు ఆరో వంతు. మామూలు ఫైబర్ డబ్బాలు మైనస్ 27, 28 దాకా ఎలాగో నెట్టుకొస్తాయి, అది దాటితే చేతులెత్తేస్తాయి. రూటర్ మీద ఎర్ర లైటు అప్పుడప్పుడూ మెరిసి ఆరిపోవడం అందుకే. ఇదంతా ఫోన్‌లో విడమరిచి చెబితే అవతలి అబ్బాయి శ్రద్ధగా విని, "సర్, మైనస్ అంటే బ్యాలెన్స్ తక్కువుందేమో, రీఛార్జ్ చూసుకోండి" అన్నాడు.

స్పీడ్ టెస్ట్ సంగతి ఎత్తకపోతేనే మంచిది. మీ యాప్‌లోనే చేయాలి, అవతల సర్వరు కూడా మీ నెట్‌వర్క్ లోపలిదే. ఇన్విజిలేటరు మేనమామ అయితే మార్కులకేం తక్కువ? ఎర్ర లైటు మెరవని ఏ రెండు నిమిషాల్లోనో కొడితే 96 ఎంబీపీఎస్ చూపిస్తుంది, దాన్ని మా మొహాన కొడతారు. సాయంత్రం ఏడు దాటాక మా ఇంట్లో వచ్చేది 1.4. కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని 2023 జనవరిలో కేంద్రం నిర్వచనం మార్చింది. ఆ ప్రకారం మా ఇంట్లో రాత్రిళ్లు బ్రాడ్‌బ్యాండ్ లేనట్టే. 18 శాతం జీఎస్టీ మాత్రం రాత్రీ పగలూ ఉంటుంది.

ఇక ఓటీపీ.

నిన్న సాయంత్రం మీ అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, టికెట్ క్లోజ్ చేయాలి, మీకో ఓటీపీ వచ్చుద్ది, చెప్పండన్నా."

"నువ్వింకా రానే లేదు కదా తమ్ముడూ?"

"రేపు పొద్దున్నే వచ్చేస్తానన్నా. ముందు ఓటీపీ చెప్పండి. టైం దాటిపోతే నాకు జీతంలో కట్ చేస్తారు."

చెప్పలేదు. పని అయ్యిందని కస్టమర్ ఒప్పుకున్నట్టు గుర్తుగా పెట్టిన ఓటీపీ అది. పని కాకముందే ఎలా చెబుతాను? సరేనన్నా అని ఫోన్ పెట్టేశాడు. ఓటీపీ లేకుండా తమరిని మూసే దారి మీ సిస్టంలో ఇంకొకటే ఉన్నట్టుంది. కస్టమర్ ఇంట్లో ఉండకూడదు. అందుకని ఈ రోజు పొద్దుటినుంచీ వరండాలో కూర్చున్న నేను ఇంట్లో లేకుండా పోయాను!

తమరికి ఇంత తొందర దేనికో అర్థం కాకపోలేదు. బ్రాడ్‌బ్యాండ్ సేవల నాణ్యతకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే నిబంధనలు పెట్టింది, 2024లో కొత్తవి తెచ్చింది. ఫాల్టు ఎంతసేపట్లో బాగైందన్న లెక్క వాళ్లకు చూపించాలి. ఆ లెక్క నడిచేది తమరి గడియారంతో. తమరు మూతపడితే గడియారం ఆగుతుంది, స్తంభం మీద వైరు ఎలా ఉన్నా సరే. నాకు నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు, ట్రాయ్ 2012 నిబంధనల్లో ఆ హక్కు రాసే ఉంది. అప్పీలు వినేది ఎవరయ్యా అంటే అదే కంపెనీలో ఇంకో పెద్దమనిషి. పోనీ ట్రాయ్‌కే రాద్దామంటే, ఒక్కొక్కరి ఫిర్యాదులు తాము చూడమని వాళ్లు ముందే చెప్పేశారు.

తమరు, గారు అనడం ఇక నావల్ల కాదు. నువ్వసలు మూతపడటానికి ఎవరు? ఫాల్టు నాది, బిల్లు నాది, పోయిన సెలవు నాది. మా అమ్మాయి ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటుంటే (పరీక్ష పేరు మారి ఏళ్లయినా మా ఇంట్లో అది ఎంసెట్టే) సేవ్ నొక్కిన ప్రతిసారీ చక్రం తిరుగుతూ కూర్చుంది, లాగిన్ పోయింది, మళ్లీ ఓ వంద కాలేజీల కోడ్లు మొదటినుంచి. చివరికి పిల్ల ఏడుపు మొహంతో వానలో ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తింది. అప్పుడు నీ మీద "పురోగతిలో ఉంది" అని రాసి ఉంది. ఎవడి పురోగతి?

వెలుగు ఎక్కడ పోతోందో మా సందులో పిల్లల్నడిగినా చెబుతారు. సందు మొదట్లో కరెంటు స్తంభం, దాని పక్కన వేపచెట్టు. ఫైబర్ జాయింటు ఉన్నది అక్కడే. దానికి బాక్సు లేదు. బట్టల షాపు పాలిథిన్ కవర్లో పెట్టి, నల్ల టేపు చుట్టి, వేపకొమ్మకు పురికొసతో కట్టారు. కవరు మీద పట్టుచీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ ఎండకు సగం వెలిసిపోయింది, నవ్వు మాత్రం మిగిలింది. కవరు అడుగున వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. కొమ్మ ఊగితే జాయింటూ ఊగుతుంది. వైరు కవర్లోకి దూరే చోట గట్టిగా మడత పడింది. లోపలున్నది గాజుపోగు, అంత మడత పడితే వెలుగు పక్కలనుంచి జారిపోతుంది. ఆ ముక్క కత్తిరించి, కొత్తగా స్ప్లైస్ చేసి, అంటే పోగుల కొసలు అతికించి, ఒక బాక్సులో పెట్టి బిగిస్తే గంటలో అయిపోయే పని.

ఆ కవరు మా ఇంట్లోదే. పోయినేడు గాలివానకు కొమ్మ విరిగి వైరు తెగినప్పుడు వచ్చింది ఈ అబ్బాయే. తడిసి ముద్దై, చెప్పులు గట్టున వదిలేసి, టేపును పళ్లతో కొరికి తెంపుతూ చీకట్లో జాయింటు వేశాడు. బాక్సులు స్టాకు లేవంటే మా ఆవిడే బీరువాలోంచి ఆ కవరు తీసి ఇచ్చింది. కాఫీ తాగమంటే వద్దన్నాడు, ఇంకో మూడు ఇళ్లున్నాయని పరుగెత్తాడు. "ఇది తాత్కాలికమే అక్కా, బాక్సు రాగానే వచ్చి మారుస్తా" అన్నాడు. వాడు అబద్ధం ఆడాడనుకోను. కానీ ఆ రాత్రే మీ అన్న, అంటే అప్పటి టికెట్, "పరిష్కరించబడినది" అయ్యాడు. టికెట్టే లేని చోటికి బాక్సు ఎవడిస్తాడు? వాడికి ఆ పూట ఎన్ని టికెట్లు మూశావని అడిగే వాళ్లున్నారు గానీ, ఎన్ని కవర్లు విప్పావని అడిగే వాళ్లు లేరు. వాడి మీద నాకు కోపం రావడం లేదు. వాడి జీతం కోయడానికి పుట్టిన నీ మీద వస్తోంది.

ఇప్పుడే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మళ్లీ కంప్లైంట్ ఇచ్చాను. కొత్త నంబరు వచ్చింది, వరసకు నీకు తమ్ముడవుతాడు. వాడికి నా మాటగా చెప్పు. బాక్సు చేత్తో పట్టుకుని మనిషి రావాలి. నిచ్చెన మా పెరట్లో ఉంది. జాయింటు అయ్యాక రూటర్ పేజీలో మైనస్ 20 నా కళ్లతో చూడాలి, ఆ అబ్బాయి కూర్చుని కాఫీ తాగాలి. ఓటీపీ ఆ తర్వాతే.

ఇట్లు,
మీ కస్టమర్