డాబా ఎక్కితేనే దొరికే ఆఫీసు

ఆమదాలవలసలో మా అక్కయ్య వాళ్లింట్లో రోజూ సాయంత్రం ఆరున్నరకి ఒక తంతు నడుస్తుంది. మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచి, వీపీఎన్‌లో (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి అది) పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్ పట్టుకుని గబగబా డాబా మెట్లెక్కుతాడు. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. కింద గదిలో సిగ్నల్ ఉండదు. పైన చూసిన ఆరంకెలు గొణుక్కుంటూ దిగేసరికి ఒక్కోసారి గడువు అయిపోతుంది, మళ్లీ మెట్లు. ‘ఏట్రా, సందేల డాబా మీదేటి పని?’ అని ఎదురింటి మామ్మ మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది.

వాడు పనిచేసే కంపెనీ హైదరాబాద్‌లో ఉంది. కనెక్షన్ తెగుతోందని ఐటీ వాళ్లకి టికెట్ (ఫిర్యాదు) వేస్తే ‘మీ ఇంటి ఇంటర్నెట్ చూసుకోండి’ అని రాసి మూసేస్తారు. ఊర్లో నెట్ బాగోదు అన్నది అందరూ ఒప్పేసుకున్న కారణం కాబట్టి వాడూ ఇంకేం అడగడు. నాకు పేచీ అక్కడే. ఆ ఇంట్లో ఫైబర్ ఉంది, రాత్రంతా సినిమా పెట్టినా ఆగదు. తెగేది ఆఫీసు ఒక్కటే.

ఓటీపీ సంగతే తీసుకోండి. ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ ఉంటే కోడ్‌ని ఫోనే తయారుచేసుకుంటుంది. మొదటి రోజు ఇచ్చిన రహస్య సంఖ్యని, గడియారంలో టైముని కలిపి మామూలుగా 30 సెకన్లకోసారి కొత్త కోడ్ లెక్కకడుతుంది. అటు సర్వరూ అదే లెక్క చేసి సరిచూసుకుంటుంది. సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. పైగా ఎస్సెమ్మెస్ కన్నా భద్రం. వేరేవాళ్ల పేరున ఉన్న నంబరుకి డూప్లికేట్ సిమ్ తీసి ఓటీపీలు కొట్టేసే మోసాలు మనం వింటున్నవే. వాడిని మెట్లెక్కిస్తున్నది హైదరాబాద్‌లో ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన సెట్టింగు.

అలాంటిదే ఇంకోటి ఉంది. కనెక్ట్ అయ్యాక వాడి ల్యాప్‌టాప్‌లోని ప్రతి పనీ వీపీఎన్ లోంచే పోవాలని కంపెనీ నియమం. వీడియో మీటింగు కూడా ముందు హైదరాబాద్‌లో కంపెనీ గేట్‌వేకి, అంటే వీపీఎన్ ద్వారానికి పోయి, అక్కడి నుంచి బయటి ఇంటర్నెట్‌లో పడి, తిరిగి అదే దారిన రావాలి. శ్రీకాకుళం నుంచి నరసన్నపేటకి విజయనగరం మీదుగా వెళ్లినట్టు. 2020 మార్చిలో ఉద్యోగులంతా ఒక్కసారిగా ఇళ్లకి చేరినప్పుడు మైక్రోసాఫ్టే తన మీటింగుల యాప్ టీమ్స్ ట్రాఫిక్‌ని వీపీఎన్‌లో పెట్టకుండా నేరుగా వదిలేయమని కంపెనీలకి సూచించింది. వీళ్లకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

కరెంటు దగ్గర మాత్రం తప్పు కొంత మనదే, ఒప్పుకుంటాను. ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలామటుకు కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తుంది. స్తంభం పడితే రెండూ పోతాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ వరసగా ఒరిగిపోయాయి. అలాంటి గాలివాన రోజూ రాదు గానీ పావుగంట కోత వస్తూనే ఉంటుంది. రూటర్‌ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టాలని మా అక్కయ్యకి తట్టేదాకా వాడికీ తట్టలేదు, బీటెక్ చదివినవాడికి! అయినా ఒక్కోసారి బయట ఆపరేటర్ పెట్టె దగ్గరే కరెంటు పోతుంది. అప్పుడు ఫోన్‌ని సిగ్నల్ అందే చోట పెట్టి హాట్‌స్పాట్‌కి మారతాడు. మారగానే ఇంటర్నెట్ అడ్రసు మారుతుంది, వీపీఎన్ తెగుతుంది, మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ డాబా. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా కనెక్షన్ నిలిచే పద్ధతి ఒకటుంది, మోబైక్ అంటారు. అది ప్రమాణంగా వచ్చింది 2006లో. వైర్‌గార్డ్ అనే కొత్త రకం వీపీఎన్ కూడా ఆ పని సునాయాసంగా చేస్తుంది, అది 2020లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్లోనే చేరింది. వీటిలో ఏదో ఒకటి వాడి ఉంటే కోత సమయంలో వాడు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు, ఓటీపీ కోసం డాబా ఎక్కక్కర్లేదు.

సెక్యూరిటీ వాళ్ల భయం ఉత్తదని అనను. 2021లో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ కంప్యూటర్లలోకి దొంగలు దూరింది వాడుకలో లేని పాత వీపీఎన్ ఖాతా లోంచే. పాస్‌వర్డ్ బయటపడింది, ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. ఇంధన సరఫరా రోజుల తరబడి ఆగింది, దొంగలకి 44 లక్షల డాలర్ల దాకా కట్టాల్సి వచ్చింది. కాబట్టి రెండో తాళం ఉండాల్సిందే, మానేసినవాళ్ల ఖాతాలు ఆ రోజే మూసేయాల్సిందే. కానీ మా వాడి పనికి కావాల్సింది రెండు అప్లికేషన్లు. వీపీఎన్ తగిలాక వాడికి ఎప్పుడూ చూడని ఆఫీసు మూడో అంతస్తులోని ప్రింటర్ కూడా కనిపిస్తుంది. ఎస్సెమ్మెస్ దగ్గర అంత గట్టిగా ఉన్నవాళ్లు లోపలి తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టడం నాకైతే అర్థం కాదు.

ఊరికే విసుగుతో రాయడం లేదు. పని కోసం హైదరాబాద్ వెళ్లే ఫలక్‌నుమా రైలు ఎక్కని ఇల్లు మా వైపు వెతికినా దొరకదు. అమ్మానాన్నల దగ్గరే ఉండి జీతం తెచ్చుకునే వీలు ఇన్నాళ్లకి కొందరికి వచ్చింది. అదీ ఒక లైను మీద వేలాడుతోంది. మొన్న మేనేజర్ మర్యాదగానే అన్నాడట, ‘కనెక్షన్ స్టేబుల్‌గా లేకపోతే ఆఫీసుకి వచ్చేయండి’ అని. హైదరాబాద్‌లో గది అద్దె, మెస్ ఖర్చు వాడు లెక్కేసుకోవడం మొదలుపెట్టాడు.

ఆథెంటికేటర్ యాప్ ఇవ్వమని నా పోరు పడలేక పోయిన నెల టికెట్ వేశాడు. ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. ఈలోగా అక్కయ్య డాబా మెట్లకి లైటు పెట్టించింది, ఇన్వర్టర్ లైన్ మీదే.