సవరణ: వండలూరు నల్లపులులు వేరే జాతి కాదు

చెన్నై వండలూరు జూ గురించి మొన్న రాసిన పోస్టులో, అక్కడి నల్లపులులు అంతరించిపోతున్న ప్రత్యేక జాతి అనీ, వాటిని వాటిలోనే జతకలిపి కాపాడాలనీ అన్నాను. రెండూ తప్పే. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటు.

అవి మన బెంగాల్ పులులే. టాక్‌పెప్ అనే జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారడంతో చారలు వెడల్పై కలిసిపోతాయి, ఒళ్లు నల్లగా కనిపిస్తుంది. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే పిల్లకు ఆ రూపం వస్తుంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్ బృందం 2021లో ప్రచురించిన పరిశోధన చెప్పిన విషయమిది. అడవిలో ఈ పులులు ఒడిశాలోని సిమిలిపాల్ పులుల అభయారణ్యంలోనే కనిపిస్తాయి. అక్కడివి కొద్దిపాటి పులులు, బయటి అడవులతో రాకపోకలు లేవు, దగ్గరి బంధువుల మధ్యే సంతానం. నేను మురిసిపోయిన ఆ నలుపు నిజానికి ఒంటరితనపు గుర్తు.

మేనరికాల గురించి డాక్టర్లు మన ఇళ్లలో చేసే హెచ్చరికే ఇక్కడా వర్తిస్తుంది. జన్యు పరీక్షలు ఉపయోగపడేది రంగును పెంచడానికి కాదు, దగ్గరి బంధుత్వం ఉన్న పులులను జతకలపకుండా చూడటానికి. 2024లో మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం నుంచి రెండు ఆడపులులను సిమిలిపాల్‌కు తెచ్చింది కూడా అక్కడికి కొత్త రక్తం చేరాలనే.

పాత పోస్టును ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి దీన్నీ పంపండి.