చెరువులో పిల్ల, గట్టు మీద పిల్ల

భీమవరం చుట్టుపక్కల 'పిల్ల దిగింది' అంటే ఎవరింట్లోనో పురుడొచ్చిందని కాదు, రొయ్య పిల్ల వచ్చిందని. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి ఆక్సిజన్ నింపిన కవర్లలో, తెల్లారకముందే వ్యానులో దిగుతుంది. ఆ పూట గట్టు మీద రైతు నడక చూడాలి, కాన్పుల వార్డు ముందు తిరిగే మొగుడు నయం.

కవరు విప్పి గబుక్కున నీళ్లలో పోసేయరండి. ముందు కవర్లని అలాగే చెరువులో తేలేస్తారు. లోపలి నీళ్ల వేడి, బయటి నీళ్ల వేడి ఒకటయ్యేదాకా ఆగుతారు. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతారు. ఉప్పు తేడాని పిల్ల ఒక్కసారిగా తట్టుకోలేదు. ఎండెక్కితే అసలు వదలరు. పిల్లకి స్ట్రెస్ వస్తుందట. ఆ మాట మా ఊళ్లోకి వచ్చింది వనామీ రకం రొయ్య పుణ్యమా అనే. అంతకుముందు ఇక్కడ ఏ ప్రాణికీ స్ట్రెస్ ఉండేది కాదు.

పోనీ ఈ వనామీ మన గోదారి బిడ్డా అంటే, కాదు. పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. మన దేశంలో పెంచుకోడానికి 2009లో అనుమతి వచ్చింది. వచ్చి ఇరవై ఏళ్లు నిండలేదు, ఊళ్లో పెత్తనం దానిదే. వరి చేలు తవ్వి మరీ దానికి ఇల్లు కట్టాం. నీకు తెలుగొచ్చా అని ఒక్కరూ అడగలేదు.

మొన్న అదే గట్టు మీద, రేకుల షెడ్డులోకి ఇంకో పిల్ల దిగింది. ఒడిశా నుంచి. అమ్మా నాన్నా చెరువుకి కాపలా ఉంటారు, మేత చల్లుతారు. పిల్లకి నాలుగేళ్లు. దీన్ని ఎక్కడా తేలేయలేదు. నేరుగా తీసుకెళ్లి అంగన్‌వాడీలో పోసేశారు.

పేరు శుభశ్రీ. రిజిస్టర్లోకి ఎక్కేసరికి సుబ్బలక్ష్మి అయింది. మర్నాటికి సుబ్బులు. మూడో రోజుకి 'ఒరియా పిల్ల'. దానివల్ల అందరికీ గుర్తుపెట్టుకోవడం తేలికైంది, నేను కాదనను.

పదకొండయ్యేసరికి పిల్ల "భోకొ, భోకొ" అని ఏడుపు అందుకుంది. ఆయా మంచి మనిషి. "బొక్కెక్కడే నా తల్లీ" అంటూ గౌను ముందూ వెనకా తిప్పి చూసి, చంక దగ్గర చిన్న చిరుగు దొరికితే పిన్నీసు పెట్టింది. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఒడియాలో ఆ మాటకి ఆకలి అని అర్థం. మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెట్టాక ఏడుపు ఆగింది కాబట్టి పిన్నీసు పనిచేసిందని ఆయా తేల్చేసింది. ఆ తర్వాత పిల్ల మాట్లాడడమే మానేసింది. "మూగదేమోనండి మాస్టారూ" అని నా చెవిన వేశారు.

మూగతనం కాదు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు నోరు మెదపకుండా వింటూ ఉంటారు. ఈ సంగతి నాకు మా మనవడి వల్ల తెలిసింది. వాడు కెనడాలో డేకేర్‌లో చేరిన కొత్తలో రెండు నెలలు ఉలకలేదు, పలకలేదు. అక్కడి టీచరు కంగారుపడలేదు. మా అమ్మాయిని పిలిచి మంచినీళ్లు, ఆకలి, అమ్మ, ఒంటేలు – వీటిని మీ భాషలో ఏమంటారో చెప్పమని రాసుకుంది. చేతులు కడగడం, భోజనం, నిద్ర, వరసగా బొమ్మలేసి గోడకి అంటించింది. ఇంట్లో తెలుగు మానొద్దంది. వాడి పేరు సరిగ్గా పలికేదాకా నాలుగుసార్లు అడిగి దిద్దుకుంది. వీడియో కాల్‌లో ఆవిడ నోట 'ఆకలి' విని మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వారమే ఆత్రేయపురం పూతరేకులు పార్శిల్ చేశాం. ఒకసారి మాత్రం ఆవిడ 'అకాలీ' అంది. మర్నాడే మా అమ్మాయి చేత మర్యాదగా చెప్పించాను. మన భాషకి ఆమాత్రం గౌరవం ఇవ్వకపోతే ఎలా?

"వచ్చినచోటి భాష వాళ్లే నేర్చుకోవాలి" అని రావిచెట్టు కింద గట్టు పిల్ల గురించి తీర్పు చెప్పిందీ నేనే. ఈ రెంటికీ పొంతన లేదని మనవి. మావాడు వెళ్లినవాడు, ఇది వచ్చిన పిల్ల. వెళ్లడానికీ రావడానికీ క్రియలే వేరు.

చట్టాలు రాసేవాళ్లకి ఇంత వ్యాకరణం తెలియదు. 2013 ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకి అంగన్‌వాడీలో ఉచితంగా భోజనం పెట్టాలంది. ఆకలిని ఏ భాషలో చెప్పాలో రాయడం మర్చిపోయింది. 2020 జాతీయ విద్యా విధానం చిన్న తరగతుల్లో వీలైనచోటల్లా ఇంటి భాషలోనే చెప్పమంది. అందులో మనం పొల్లుపోకుండా అమలు చేస్తున్నది 'వీలైనచోట' అన్న ముక్క.

అందుకని చట్టాలు పక్కనపెట్టి, ఊరికి అర్థమయ్యే భాషలో ఒక పద్ధతి తయారుచేసి చెరువు రైతు దగ్గరికి వెళ్లాను. మొదటి వారం తల్లిని కూడా అంగన్‌వాడీ గుమ్మంలో కూర్చోనివ్వాలి, కవరు తేలేసినట్టు. తల్లి లేకుండా రోజుకో అరగంట పెంచుకుంటూ పోవాలి, నీళ్లు కలిపినట్టు. ఆయాకి పది ఒడియా మాటలు నేర్పాలి, అవి చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లనుకోండి. కంచంలో ఎంత తిందో, ఎంత వదిలేసిందో రోజూ చూడాలి, చెరువులో మేత మిగిలిందేమో చెక్ ట్రే ఎత్తి చూసినట్టు.

ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండుసార్లు తల కూడా ఊపాడు.

"బానే ఉందండి మాస్టారూ. తల్లిని గుమ్మంలో కూచోబెడితే మేతెవరు చల్లుతారండి?"

వారం రోజులే కదా అన్నాను.

"పోనీ సర్దుకుంటామండి. పంట పట్టుబడి ఎన్నాళ్లకండి?"

"వనామీకైతే మూడు నాలుగు నెలలు గానీ, దీనికి ఇరవై ఏళ్లన్నా పడుతుందయ్యా."

ఆయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అన్నేళ్లకి లీజెవరిస్తారండీ?"