ఏసీ అంకె గురించి గొడవపడే ముందు మంచం ఎక్కడుందో చూడండి

కూకట్‌పల్లిలో త్రీ షేరింగ్ గదిలో ఉన్నప్పుడు మా ముగ్గురికీ అద్దె దగ్గర పేచీ రాలేదు, వంట దగ్గర రాలేదు. వచ్చిందల్లా ఏసీ దగ్గరే. ఒకడు పడుకోబోతూ 18 పెట్టి, రిమోట్ దిండు కింద దాచుకునేవాడు. నా మంచం సరిగ్గా ఏసీ కింద. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేసరికి కాళ్లు కొయ్యబారి, ముక్కు దిబ్బడ వేసి ఉండేది. అడిగితే, "చలేస్తే నువ్వు రగ్గు కప్పుకోవచ్చు మామా, ఉక్కపోస్తే నేనేం విప్పుకోవాలి?" అనేవాడు.

ఈ మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. నాకు మాత్రం ఇందులో అన్యాయమే కనిపిస్తుంది. ఎందుకంటే రిమోట్ మీది అంకె మంచం మీది చల్లదనం కాదు. స్ప్లిట్ ఏసీలో సెన్సర్ మామూలుగా గోడకున్న యూనిట్‌లోనే, గాలిని లోపలికి లాగే చోట ఉంటుంది. బయటికి ఊదే గాలి గది గాలి కన్నా సుమారు పది డిగ్రీలు చల్లగా ఉంటుంది. అది నేరుగా ఎవరి తల మీద పడుతోందో సెన్సర్‌కు తెలియదు. ముగ్గురూ ఒకే అంకె గురించి వాదించుకుంటున్నా, ముగ్గురికీ తగిలే చలి వేరు.

ఇంకొకటి, వేళ. మా గది పై అంతస్తులో ఉండేది. మే నెలలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండింటికి కూడా సెగ చిమ్ముతుంది. చేత్తో గోడ తాకితే తెలిసిపోతుంది. గాలి చల్లబడినా ఒళ్లు చల్లబడదు, అందుకే వేలు 18 మీదికి పోతుంది. తెల్లవారుజాముకు గోడలూ చల్లబడతాయి, నిద్రలో ఒంటి వేడీ తగ్గుతుంది. పదకొండింటికి హాయిగా ఉన్న అంకే నాలుగింటికి వణికిస్తుంది. రాత్రంతటికీ ఒకే అంకె తేల్చుకోవాలనుకోవడమే అసలు తప్పు. ఏసీలో స్లీప్ మోడ్ పెట్టింది ఇందుకే. మామూలుగా పడుకున్నాక మొదటి కొన్ని గంటల్లో అంకెను కాస్త కాస్త పెంచుతుంది. మా గదిలో ఏడాది దాకా ఆ బటన్ ఎవరూ నొక్కలేదు.

18 పెడితే గది తొందరగా చల్లబడుతుందన్న నమ్మకం కూడా చాలామందిలో ఉంది. ఇన్వర్టర్ లేని ఏసీలో, అంటే వేగం మార్చుకోలేని రకంలో, కంప్రెసర్ 18కీ 24కీ ఒకే వేగంతో తిరుగుతుంది. ఎప్పుడు ఆగుతుందన్నదే తేడా.

స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ కొత్త ఏసీలను 20 నుంచి 28 మధ్యకే పరిమితం చేసే ఆలోచన ప్రకటించారు. నేను దాన్ని సమర్థిస్తాను. అయితే ఏసీ కిందున్న మంచానికి 20 కూడా చలే.

బిల్లు సంగతీ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి కరెంటుకు శ్లాబులున్నాయి, యూనిట్లు పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర ఎక్కువ. చలికి వణికినవాడు కూడా అందులో మూడో వంతు కట్టాలి. రగ్గు కప్పుకోమనేవాళ్లు ఈ మాట ఎత్తరు.

అందుకే నా లెక్కలో, వేడి తట్టుకోలేనివాడే ఏసీ కింద పడుకోవాలి. చలి తట్టుకోలేనివాడికి దూరపు మంచం ఇవ్వాలి. 26 పెట్టి ఫ్యాన్ వేసుకుంటే గాలి ఆడుతుంది, చాలామందికి అది సరిపోతుంది. మేం చివరికి ఒక ఆదివారం సామాను బయట పెట్టి మంచాలు మార్చుకున్నాం. రెండో రాత్రి మూడింటికి, 18 పెట్టేవాడే లేచి 25 చేశాడు. మర్నాడు స్విచ్‌బోర్డు పక్కన మేకు కొట్టి రిమోట్ దానికి తగిలించాం. ఆ వేసవంతా అది అక్కడే ఉంది.